రెండు గంటల పుస్తకం

నా వెనక అరలో ముప్ఫై ఏడు పుస్తకాలు.
పై అంతస్తులో అరవై వేలున్నాయి,
అయినా ఈ కాలేజీ పిల్లలకి లైబ్రరీ అంటే
ఈ ముప్ఫై ఏడే.

సుపీరియర్ సరస్సు మీంచి మంచు
అడ్డంగా కొట్టే సాయంత్రాల్లో
బూట్లు దులుపుకుంటూ వస్తారు.
కౌంటర్ మీద కార్డు పెడతారు గానీ
పుస్తకం పేరు చెప్పరు.
"ఎర్ర అట్టది" అంటారు.
"రిట్వా మేడమ్‌ది" అంటారు.
"కిడ్నీలది" అంటారు.

కిడ్నీలది అంటే అనాటమీ.
కొనాలంటే రెండు వందల ముప్ఫై డాలర్లు.
బరువు రెండున్నర కిలోలు:
పనిలేని ఓ రాత్రి
తపాలా తూనిక మీద నేనే తూశాను.
ఎక్కడ తెరవబోయినా
పంతొమ్మిదో అధ్యాయం దగ్గరే విచ్చుకుంటుంది.
ఏటా అందరూ తప్పేది అక్కడే.
దాని వెన్ను విరిగిందీ అక్కడే.

రూలు నేను పెట్టింది కాదు.
రెండు గంటలు. గుమ్మం దాటకూడదు.
మూసేముందు గంటలో తీసుకుంటే రాత్రికి ఇంటికి,
పొద్దున్న తొమ్మిదికల్లా వెనక్కి.
ఆలస్యమైతే గంటకో డాలరు.
ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నాను,
నిద్రలో లేపి అడిగినా ఈ వరసలోనే చెబుతాను.
మా ఆయన అడిగి చూశాడు కూడా.

ఆ చలికాలం
ఐదింటికి టీగన్ మాకీ వచ్చేది.
ఏడింటికి వృద్ధాశ్రమం లాండ్రీలో డ్యూటీ,
చేతులకి అప్పటికే బ్లీచు వాసన.
ఆమె పెట్టి వెళ్ళిన పుస్తకం
వేడి చల్లారకముందే వెస్లీ అడిగేవాడు.
ఒకరికొకరు తెలీదు.
తలుపు దగ్గర ఒకరికొకరు దారి ఇచ్చుకునేవాళ్ళు,
అంతే.

ఆరువందల పన్నెండో పేజీ అంచున
పెన్సిల్‌తో సన్నగా ఒక ప్రశ్న:
*ముందు పోయేది నీళ్ళా, ఉప్పా?*
మర్నాడు కింద, లావు అక్షరాల్లో:
*దిగేటప్పుడు నీళ్ళు. ఎక్కేటప్పుడు ఉప్పు.*
ఆ మర్నాడు: *నీకెలా తెలుసు?*
*తెలీదు. మూడుసార్లు తప్పాను.*

శుక్రవారం శుక్రవారం
రిజర్వ్ పుస్తకాల్లో పెన్సిల్ గీతలు చెరపడం నా పని.
జాబితాలో ఆరో అంశం.
చెరిపాను కూడా,
ఎవరో గీసిన మీసాలూ, ఫోన్ నంబర్లూ, ఓ బాతుబొమ్మా.
ఆ పేజీకొచ్చేసరికి
రబ్బరు ఎక్కడో పడిపోయింది.
ఎక్కడ పడిందో నాకు తెలుసు,
నేనే పడేశాను.

ఫిబ్రవరిలో ఓ రాత్రి టీగన్ పుస్తకం ఇంటికి తీసుకెళ్ళింది.
తెల్లారేసరికి కాలువ మీద వంతెన మూసేశారు.
పదకొండూ ఇరవైకి వచ్చింది,
పుస్తకాన్ని చెత్తసంచిలో చుట్టి, కోటు లోపల పెట్టుకుని,
కనురెప్పల మీద మంచు.
పుస్తకం మాత్రం పొడిగా ఉంది.
నేనేమీ అనకముందే
పావలా డాలర్లు లెక్కపెట్టడం మొదలెట్టింది.
తొమ్మిది దగ్గర ఆగి
జేబులు తడుముకుంది.
"ఉంచుకో" అన్నాను.
కంప్యూటర్లో జరిమానా మాఫీకి
కారణం రాయమనే గడి ఉంటుంది.
'మంచు' అని రాశాను.
అబద్ధం కాదుగా.

మేలో పరీక్షలైపోయాక
పైనుంచి జాబితా వస్తుంది.
వెన్ను మీది పసుపు స్టిక్కరు గోటితో లేపుతాను,
పుస్తకాన్ని మూడో అంతస్తు మామూలు అరలో పెడతాను.
ఇప్పుడిక నాలుగు నెలలు ఉంచుకోవచ్చు,
గుమ్మం దాటొచ్చు,
సరస్సు ఒడ్డున ఇసకలో పడుకుని చదువుకోవచ్చు.
ఒక్కరూ అడగరు.

జులైలో ఓ మధ్యాహ్నం
శాండ్‌విచ్ పట్టుకుని పైకెళ్ళాను.
తీసి ఒళ్ళో పెట్టుకున్నానో లేదో
దానంతటదే తెరుచుకుంది.
స్టిక్కరు ఊడిన చోట జిగురు
ఇంకా వేలికి అంటుతోంది.
చివరి జవాబు కింద ఇంకొకటుంది,
నేను చూడనిది,
ఎవరి రాతో పోల్చుకోలేకపోయాను:
*పాసయ్యాను.*

సెప్టెంబరుకి రిట్వా మేడమ్ కొత్త ఎడిషన్ పెడుతుందట.
అందులో కిడ్నీలు
ఇరవై ఒకటో అధ్యాయంలో ఉన్నాయట.
మళ్ళీ మొదట్నుంచి విరగాలి.